గాంట్స్ హిల్: రైలు రాకముందే చరిత్ర మొదలైన స్టేషన్

ఎంవీపీ టీచర్ | ఆదివారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయి కుటుంబం లండన్ తూర్పు శివారులో, ఇల్ఫర్డ్ దగ్గర ఉంటోంది. మూడు నెలలు వాళ్ళతో ఉండి పోయిన వారమే విశాఖ చేరుకున్నాను. అక్కడ చాలా చూపించారు. కానీ ఇంటికి వచ్చాక కూడా నా మనసు తిరుగుతున్నది వాళ్ళింటికి దగ్గరలో ఉన్న ఒక భూగర్భ రైలు స్టేషన్ చుట్టూనే. దాని పేరు గాంట్స్ హిల్. సెంట్రల్ లైన్ మీద ఉంది.

దీనికి నేల మీద భవనమే లేదు. ఈస్టర్న్ ఎవెన్యూ అనే పెద్ద రహదారి మీద ఒక గుండ్రటి కూడలి ఉంది. దాని చుట్టూ కార్లు, లారీలు ఆగకుండా తిరుగుతుంటాయి. నడిచేవాళ్ళు కాలిబాట పక్కనున్న మెట్లు దిగి నేల కింది దారుల్లోకి వెళ్తారు. ఆ దారులన్నీ టికెట్ హాలుకు చేరతాయి. ఆ హాలు సరిగ్గా కూడలి కిందే ఉంది. అక్కడి నుంచి ఎస్కలేటర్ మీద ఇంకా లోతుకు దిగితే, ఇరుకైన గొట్టంలోకి వెళ్తున్నామని అనుకుంటామా, ఒక్కసారిగా ఎదుట పొడవైన మంటపం తెరుచుకుంటుంది. పైన అర్ధచంద్రాకారపు కప్పు. రెండు వైపులా ద్వారాలు, వాటి అవతల ప్లాట్‌ఫాంలు. మొదటిసారి దిగినప్పుడు మా మనవరాలి చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. రెండు రైళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి.

ఈ స్టేషన్ 1947 డిసెంబరు 14న తెరిచారు. అంటే మనకు స్వాతంత్ర్యం వచ్చిన నాలుగు నెలలకు. యుద్ధంతో చితికిపోయి, తిండి కూడా రేషన్ మీద ఇస్తున్న దేశం ఊరి చివర ఇళ్ళ మధ్య ఇటువంటి హాలు ఎందుకు కట్టింది? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. మన వేదికలో రైల్వేలో పనిచేసినవారు, కట్టడాల గురించి చదువుకున్నవారు ఉన్నారు కదా, చెప్పండి.

పెదవాల్తేరు | ఆదివారం, ఉదయం 9:05

టీచర్ గారూ, మీరు నిలబడిపోయిన చోట నిలబడాలని నాకు ఎన్నాళ్ళుగానో కోరిక. ఆర్కిటెక్చర్ చదువుతున్నప్పుడు ఈ స్టేషన్ నక్షాలు ముందు పెట్టుకుని ఒక సెమిస్టరంతా కూర్చున్నాను.

దీన్ని రూపొందించినది చార్లెస్ హోల్డెన్. 1920ల నుంచి లండన్ భూగర్భ రైల్వేకు ఎన్నో స్టేషన్లు గీసిన వాస్తుశిల్పి. ఆయన పేరు తెచ్చుకున్నది నేల మీది భవనాలతో. ఆర్నోస్ గ్రోవ్‌లో ఇటుకతో కట్టిన గుండ్రటి హాలు అందుకు మంచి ఉదాహరణ. గాంట్స్ హిల్‌లో ఆయనకు నేల మీద చోటు లేదు, కూడలి ఉంది. అందుకని తన శక్తినంతా కింద పెట్టారు. మీరు చూసిన హాలు పొడవు సుమారు 150 అడుగులు. మాస్కో మెట్రో స్టేషన్ల పోలికలో కట్టినది.

ప్లాట్‌ఫాం మీద గడియారం చూశారా? అందులో అంకెలు ఉండవు. ప్రతి గంట దగ్గర లండన్ భూగర్భ రైల్వే గుర్తు, అడ్డపట్టీతో ఉన్న వలయం, చిన్నదిగా వేసి ఉంటుంది.

జగదాంబ కూడలి | ఆదివారం, ఉదయం 10:30

మాస్కో పోలిక అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మాస్కో వాళ్ళ మెట్రో 1935లోనే నడిచింది. ఇది 1947లో వచ్చింది. అంటే లండన్ వాళ్ళు మాస్కోను చూసి నకలు తీశారనే కదా అర్థం? ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863లో నడిపిన నగరం వేరొకరిని అనుకరించడం నాకు వింతగా ఉంది.

కంచరపాలెం సిగ్నల్ | ఆదివారం, రాత్రి 9:15

జగదాంబ గారూ, నకలు అనే మాట సరిపోదు. అసలు కథ రెండు వైపులా నడిచింది.

మాస్కో వాళ్ళు 1930ల మొదట్లో మెట్రో తలపెట్టినప్పుడు సలహా కోసం వెళ్ళినది లండన్ దగ్గరికే. రోడ్డును తవ్వి, పెట్టె కట్టి, మళ్ళీ కప్పేయడం ఒక పద్ధతి. లోతున సొరంగం తొలుచుకుంటూ పోవడం ఇంకొకటి. లండన్ నిపుణులు రెండో దాన్నే సూచించారు. లిఫ్టులు వద్దు, ఎస్కలేటర్లు పెట్టండి అన్నారు. అప్పట్లో లండన్ భూగర్భ రైల్వేను నడిపించిన ఫ్రాంక్ పిక్ తన దేశం ఇస్తానన్న బిరుదులు వద్దన్నారు కానీ, సోవియట్ ప్రభుత్వం ఇచ్చిన గౌరవ చిహ్నాన్ని స్వీకరించారు. హోల్డెన్‌ను ఈ పనిలోకి తెచ్చినవారు కూడా పిక్కే. లండన్ నుంచి మాస్కోకు వెళ్ళిన విద్య, అక్కడ విశాలమైన మంటపంగా మారి, గాంట్స్ హిల్‌లో పుట్టింటికి తిరిగి వచ్చింది. నేను దీన్ని ఇలాగే చూస్తాను.

ఇక ఆ హాలు అందానికి మాత్రమే కట్టినది కాదు. లండన్‌లోని పాత లోతు స్టేషన్లలో రెండు ప్లాట్‌ఫాం సొరంగాలు వేరువేరుగా ఉంటాయి. వాటిని చిన్న అడ్డదారులు కలుపుతాయి. రద్దీ వేళ జనం ఆ మలుపుల్లో ఇరుక్కుంటారు. గాంట్స్ హిల్‌లో రెండు ప్లాట్‌ఫాంల మధ్య మూడో సొరంగం తవ్వి దాన్నే హాలుగా చేశారు. మూడు ఎస్కలేటర్లు నేరుగా అందులోకి దిగుతాయి. దిగినవాడు నిలబడి, అటా ఇటా అని చూసుకుని నాలుగు అడుగులు వేస్తే ప్లాట్‌ఫాం మీద ఉంటాడు. దారి చెప్పే బోర్డులు కూడా పెద్దగా అక్కర్లేదు. స్టేషన్ల మీద బతుకంతా గడిపినవాడిగా చెబుతున్నాను, ప్రయాణికుడు తడబడకుండా చేసే కట్టడమే మంచి స్టేషన్.

మన దేశంలో కూడా ఈ రష్యా దారి ఉంది. కలకత్తా మెట్రోకు 1971లో ప్రణాళిక వేసినప్పుడు సోవియట్ నిపుణులే సాయం చేశారు. వాల్తేరు డివిజను అప్పట్లో కలకత్తా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేలో భాగం కాబట్టి మేము పని మీద తరచూ అక్కడికి వెళ్ళేవాళ్ళం. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ వరకు తొలి మెట్రో నడిచింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడు, మూడున్నర కిలోమీటర్లు కూడా లేని ఆ ప్రయాణం కోసం ఒక పూట సెలవు పెట్టాను.

ఎంవీపీ టీచర్ | సోమవారం, ఉదయం 6:20

పుట్టింటికి తిరిగి వచ్చింది అన్నారు చూడండి, ఆ మాట చదివి రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు కంచరపాలెం గారూ.

ఇంకో సందేహం. అక్కడి వీధులన్నీ ఒకే పోలిక ఇళ్ళు. ముందు చిన్న తోట, వెనుక పెరడు. పాత ఊరు కాదని చూడగానే తెలుస్తుంది. పక్క స్టేషన్ న్యూబరీ పార్క్‌లో రైలు నేల మీదే ఆగుతుంది. మరి ఇక్కడ మాత్రం ఎందుకు కిందికి దించారు?

కంచరపాలెం సిగ్నల్ | సోమవారం, రాత్రి 8:50

మంచి ప్రశ్న. న్యూబరీ పార్క్ వైపున్న లైను చాలా పాతది. గ్రేట్ ఈస్టర్న్ రైల్వే 1903లో వేసిన ఆవిరి రైలు మార్గం అది. పొలాల మధ్య నుంచి చుట్టు తిరిగి వెళ్ళేది. ఇరవయ్యో శతాబ్దం ఇరవైలలో, ముప్పైలలో ఈస్టర్న్ ఎవెన్యూ వెంట ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. మనుషులు వచ్చారు, రైలు లేదు. బస్సెక్కి ఇల్ఫర్డ్ వెళ్ళి అక్కడ కిక్కిరిసిన రైలు పట్టుకోవాలి.

1935లో కొత్త పనుల కార్యక్రమం ఒకటి ప్రకటించారు. సెంట్రల్ లైనును తూర్పుకు పొడిగించి, లేటన్‌స్టోన్ దగ్గర రెండుగా చీల్చి, ఒక కొమ్మను ఈస్టర్న్ ఎవెన్యూ వెంట సొరంగంలో న్యూబరీ పార్క్‌కు తీసుకుపోయి ఆ పాత లైనుకు కలపాలన్నది ఆలోచన. ఆ కొమ్మ మీద వాన్‌స్టెడ్, రెడ్‌బ్రిడ్జ్, గాంట్స్ హిల్ అని మూడు కొత్త స్టేషన్లు. గాంట్స్ హిల్‌కు ఇల్ఫర్డ్ నార్త్ అనీ, క్రాన్‌బ్రూక్ అనీ కూడా పేర్లు అనుకున్నారు. అప్పటికే ఇళ్ళతో నిండిన చోట నేల మీద పట్టాలు వేయాలంటే కట్టినవి కూల్చాలి. నేల కిందైతే ఆ బెడద లేదు.

పైగా నేల కలిసి వచ్చింది. లండన్ కింద దట్టమైన బంకమట్టి పొర ఉంది. నీరు ఇంకదు, కత్తితో కోసినట్టు తెగుతుంది, తెగిన చోట వెంటనే కూలదు. ముందు ఉక్కు కవచాన్ని నెట్టుకుంటూ, వెనుక వలయాలు బిగించుకుంటూ పోతారు. అంతకుముందు ఆ వలయాలు పోత ఇనుముతో చేసేవారు. ఇనుము ధర పెరగడంతో ఈ కొమ్మలో కొంత మేర ముందుగా పోతపోసిన కాంక్రీటు ముక్కలు వాడి చూశారు. ఈనాడు ప్రపంచమంతా మెట్రో సొరంగాలకు కాంక్రీటు ముక్కలే వాడుతున్నారు. ఆ దారిలో తొలి అడుగుల్లో ఇదొకటి.

మనది అటువంటి నేల కాదు. కొత్తవలస-కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. తూర్పు కనుమల ఖోండలైటు రాయిని మందుపెట్టి పేల్చుకుంటూ పోవాలి. కొన్ని చోట్ల అది గట్టి బండ. కొన్ని చోట్ల వాన నీటికి నాని చేత్తో నలిపితే పొడి అవుతుంది. అనంతగిరి ఘాట్‌లో వానాకాలపు రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకు ఆ రాయి గుణం ఎముకల్లో ఉంటుంది.

చెంగలరావుపేట | మంగళవారం, ఉదయం 7:45

వేదికలో ఎక్కువగా చదవడమే నా అలవాటు. ఈ చర్చలో ఒక లెక్క కుదరక రాస్తున్నాను. 1935లో కార్యక్రమం, 1947లో ప్రారంభం. యుద్ధం వచ్చింది సరే. అప్పటికే తవ్విన సొరంగం ఆ ఆరేళ్ళూ ఖాళీగా ఉందా?

అడగడానికి ఇంటి కారణం ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన ఊరి మీద బాంబులు వేసినప్పుడు మా అమ్మమ్మ పదేళ్ళ పిల్ల. ఇల్లు రేవుకు దగ్గరలో. విమానాల మోత వినబడగానే వాళ్ళ నాన్న పిల్లలందరినీ పందిరి మంచం కిందికి తోశారట. పైన పెంకుల కప్పు, కింద పందిరి మంచం. అదే మా ఆశ్రయం అనేది. మర్నాడు ఎడ్లబండి మాట్లాడుకుని చోడవరం వెళ్ళిపోయారు. తాళం వేశారో లేదో కూడా చూసుకోలేదు. లండన్ వాళ్ళకు నేల కింద దాక్కోవడానికి చోటుండేదని చదివినప్పుడల్లా నాకు ఆ పందిరి మంచమే గుర్తుకు వస్తుంది.

ఎంవీపీ టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:10

చెంగలరావుపేట గారూ, మీ అమ్మమ్మ గారి మాట చదివి ముందు కళ్ళు తుడుచుకున్నాను. మీ ప్రశ్నకు జవాబు అక్కడి గ్రంథాలయంలో దొరికింది. ఈ చర్చ మొదలుపెట్టడానికి అసలు కారణం కూడా అదే.

సొరంగం ఖాళీగా లేదు. అందులో కర్మాగారం పెట్టారు.

ఇల్ఫర్డ్‌లో ప్లెస్సీ అనే సంస్థ వైర్‌లెస్ పరికరాలు, విమాన భాగాలు తయారుచేసేది. 1940లో బాంబు దాడుల్లో దాని కర్మాగారం దెబ్బతింది. పక్కనే పట్టాలు వేయని రెండు సొరంగాలు ఉన్నాయి. లేటన్‌స్టోన్ నుంచి గాంట్స్ హిల్ వరకు రెండున్నర మైళ్ళ పొడవు. రెండూ కలిపితే ఐదు మైళ్ళు. 1942లో అక్కడ యంత్రాలు తిరగడం మొదలైంది. మొత్తం మూడు లక్షల చదరపు అడుగుల చోటు. సుమారు రెండు వేల మంది పనివాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు.

ఒక్కసారి ఊహించండి. సొరంగం లోపలి వెడల్పు పన్నెండు అడుగులు. మన ఇళ్ళలో ఒక గది వెడల్పు. పొడవు మాత్రం జగదాంబ నుంచి నడుచుకుంటూ మా ఎంవీపీ కాలనీ చేరినంత. ఆ గదిలో వరుసగా యంత్రాలు, పక్కన మనిషి నడిచేంత దారి. ఒక చివర నుంచి ఇంకో చివరకు సరుకు మోయాలంటే మనుషుల వల్ల కాదు. అందుకని పద్దెనిమిది అంగుళాల వెడల్పు పట్టాలు వేసి బొమ్మ రైలంత రైలును నడిపారు. గాంట్స్ హిల్ సొరంగంలో నడిచిన మొదటి రైలు అదే. విమానాలకు కావలసిన తీగల కట్టలు, రేడియో భాగాలు దాని మీద ప్రయాణించాయి.

పొద్దున చీకటి ఉండగానే దిగి, సాయంత్రం చీకటి పడ్డాక పైకి వచ్చే ఆడవాళ్ళ గురించే నేను ఎక్కువగా ఆలోచించాను. చలికాలంలో వాళ్ళకు ఎండ కనబడేదే కాదు. మీ అమ్మమ్మ గారు ఎడ్లబండి ఎక్కిన ఏడాదే వాళ్ళు ఆ మెట్లు దిగారు. స్టేషన్ పుట్టినరోజు 1947 అని బోర్డుల్లో ఉంటుంది. నేను ఒప్పుకోను. వాళ్ళు దిగిన రోజు నుంచే దాన్ని లెక్కించాలి.

పెదవాల్తేరు | మంగళవారం, రాత్రి 10:20

టీచర్ గారూ, నేను నక్షాలు చూశాను కానీ ఈ మనుషులను చూడలేదు. హాలు పొడవు కొలిచిన నేను ఆ సొరంగంలో ఎవరు నిలబడి పనిచేశారో ఒక్కసారి కూడా అడగలేదు.

చెంగలరావుపేట గారు నేల కింద దాక్కోవడం గురించి అన్నారు. అది అన్నిసార్లూ క్షేమంగా జరగలేదు. ఇదే పొడిగింపులో, ఇంకా పడమరకు, బెత్నల్ గ్రీన్ స్టేషన్ ఉంది. దానిలో కూడా అప్పటికి రైలు నడవలేదు. జనం ఆశ్రయంగా వాడుకునేవారు. 1943 మార్చి 3 రాత్రి హెచ్చరిక మోగింది. చీకట్లో, వాన తడి మెట్ల మీద జనం దిగుతున్నారు. దగ్గరలోని విక్టోరియా పార్కు నుంచి కొత్త రకం విమాన విధ్వంసక రాకెట్లు పేల్చారు. ఎన్నడూ వినని ఆ చప్పుడుకు జనం బాంబులే అనుకుని తోసుకున్నారు. మెట్ల కింద ఒకామె తూలిపడింది. ఆమె మీద ఒకరు, వాళ్ళ మీద ఇంకొకరు. 173 మంది ఊపిరాడక చనిపోయారు. వాళ్ళలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ ఒక్క బాంబు కూడా పడలేదు.

మెట్ల మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఒకే ఒక ప్రవేశం. ఆ కమ్మీ తర్వాత వచ్చింది. మెట్ల వెడల్పు, వెలుతురు, చేతికి ఆనే కమ్మీ చదువులో చిన్న పాఠాలు. నేను మాత్రం మెట్లు గీసిన ప్రతిసారీ బెత్నల్ గ్రీన్‌ను తలుచుకుంటాను.

జగదాంబ కూడలి | బుధవారం, ఉదయం 8:00

నకలు అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్ని సంగతులు తెలియకుండా తేలికగా అన్నాను.

ఒక్క మాట అడగనివ్వండి. మన విశాఖ మెట్రో తొలి దశ ప్రణాళిక 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. అంతా స్తంభాల మీదే. ఆశీల్‌మెట్ట నుంచి పాత పోస్టాఫీసు వైపు రోడ్లు ఎంత ఇరుకో అందరికీ తెలుసు. కనీసం ఆ కాస్త దూరమైనా నేల కిందికి దించమని అడగకూడదా?

కంచరపాలెం సిగ్నల్ | బుధవారం, రాత్రి 9:30

అడగవచ్చు. కానీ పాత ఊరు సముద్రానికి, రేవు కాలువకు మధ్య ఉంది. కొద్ది లోతులోనే నీరు తగులుతుంది. రాయి ఒక గజం గట్టిగా, ఇంకో గజం మెత్తగా ఉంటుంది. ఇప్పుడున్న యంత్రాలతో అసాధ్యమని అనను. ఖర్చు స్తంభాల మార్గానికి ఎన్నో రెట్లవుతుంది. లండన్ బంకమట్టిలో తవ్విన లెక్క ఇక్కడ పనికిరాదు.

స్తంభాల మీదైనా ఆ హాలు నేర్పిన పాఠం పనికొస్తుంది. దిగిన మనిషి ఎటు వెళ్ళాలో నిలబడిన చోటి నుంచే కనబడాలి. మన స్టేషన్ల నమూనాలు ప్రజల ముందుకు వచ్చినప్పుడు నేను ముందు చూసేది అదే.

నిర్వాహకులు | గురువారం, ఉదయం 7:00

మెట్రో పైనా కిందా అన్న చర్చకు వేరే శీర్షిక తెరిచాము. అక్కడ కొనసాగించండి. ఇక్కడ గాంట్స్ హిల్, యుద్ధకాలపు జ్ఞాపకాల గురించి రాయండి.

చెంగలరావుపేట | గురువారం, రాత్రి 8:15

టీచర్ గారూ, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మమ్మ బతికి ఉంటే అడిగేదట, ఆ ఆడవాళ్ళు పిల్లలను ఎవరి దగ్గర వదిలి దిగేవారు అని. మా ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న అది.

చోడవరంలో వాళ్ళు ఐదు నెలలున్నారు. తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉంది, పెరట్లో జామచెట్టు ఎండిపోయింది. అమ్మమ్మ చివరిదాకా చెప్పింది ఆ జామచెట్టు గురించే. జపాను గురించి ఒక్క మాట కూడా అనేది కాదు.

బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది కదా. ఆనాడు పడి పేలకుండా మిగిలిన బాంబు అక్కడ ఉంది. ఇన్నేళ్ళుగా ఆ దారిన వెళ్తూ లోపలికి వెళ్ళి చూడలేదు. ఈసారి అమ్మను తీసుకుని వెళ్తున్నాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి.

ఎంవీపీ టీచర్ | శుక్రవారం, ఉదయం 6:15

మీ అమ్మమ్మ గారి ప్రశ్న మా అబ్బాయికి పంపాను. ఆ గ్రంథాలయంలో ఊరి చరిత్ర విభాగం ఉంది. శనివారం వెళ్ళి అడుగుతానన్నాడు. ఏది దొరికినా ఇక్కడే రాస్తాను.

ఆదివారం నేనూ వస్తాను. అమ్మగారిని మెట్లు ఎక్కించకండి, నేను గేటు దగ్గరే ఉంటాను. కంచరపాలెం గారూ, మీకు వీలవుతుందా?

కంచరపాలెం సిగ్నల్ | శుక్రవారం, ఉదయం 7:05

వస్తానమ్మా. కలకత్తా మెట్రో తొలినాటి టికెట్ నా దగ్గర ఇంకా ఉంది. తెస్తాను.